పనిచేసే చేతులకు వేలిముద్ర లాక్: సరిగ్గా పెట్టుకోవడం ఎలా

తాడిపత్రిలో మొబైల్ అంగడి ముందు కాసేపు నిలబడితే ఈ మాట తప్పకుండా వినిపిస్తుంది: “అన్నా, వేలు పెడితే ఫోను తెరుచుకోల్యా.” నన్ను అడిగేవాళ్లలో బండల పాలిష్ ఫ్యాక్టరీలో పనిచేసేవాళ్లు, బేల్దారులు, చెనక్కాయలు ఒలిచే ఆడవాళ్లు ఎక్కువ. ఒకట్రెండు రోజులు ప్రయత్నించి, విసుగొచ్చి లాకే తీసేస్తుంటారు. బ్యాంకు మెసేజ్‌లు, ఫోన్‌పే, పిల్లల ఫోటోలు అన్నీ ఉన్న ఫోన్ ఏ తాళమూ లేకుండా చొక్కా జేబులో తిరుగుతుంటుంది. బస్సులో జారిపోతే ఎవరి చేతికి చిక్కితే వాళ్లదే.

పనితో అరిగిన వేలికి కూడా ఈ లాక్ బాగా పనిచేస్తుంది. ముద్ర ఎక్కించేటప్పుడు తొందరపడటం వల్లే నూటికి తొంభై పాళ్లు ఇబ్బంది వస్తుంది. పావుగంట ఓపిక పట్టి కింద చెప్పినట్టు చేయండి. ఇప్పటికే ఎక్కించి సరిగ్గా పడనివాళ్లు పాత ముద్రలన్నీ తీసేసి మొదటి నుంచి రండి.

ముందుగా దగ్గర పెట్టుకోవాల్సినవి

- కనీసం సగం ఛార్జింగ్ ఉన్న ఫోన్. మధ్యలో ఆగిపోతే మళ్లీ మొదలుపెట్టాలి.
- పొడి నూలు గుడ్డ ఒకటి. కళ్లద్దాలు తుడిచేదైనా చాలు.
- ఒక కాగితం, పెన్ను. పిన్ రాసుకోవడానికి.
- ఇంట్లో ఇంకొక మనిషి. చివర్లో వాళ్ల వేలితో పరీక్షించాలి.
- కొత్త స్క్రీన్ గార్డ్ వేయించాలనుకుంటే అది ముందే వేయించండి. ముద్రలు ఎక్కించాక గార్డ్ మారిస్తే ఈ పనంతా మళ్లీ చేయాలి.

1. ముందు పిన్ పెట్టండి

పిన్, ప్యాటర్న్, పాస్‌వర్డ్‌లలో ఏదో ఒకటి లేకుండా ఏ ఫోనూ వేలిముద్ర తీసుకోదు. ఫోన్ ఆపి ఆన్ చేసినప్పుడు పిన్నే అడుగుతుంది. ఆండ్రాయిడ్ ఫోన్లు మూడు రోజులకొకసారైనా, అంటే 72 గంటల్లోపు, పిన్ కొట్టమంటాయి. టచ్ ఐడీ ఉన్న ఐఫోన్‌ను 48 గంటలు తెరవకపోతే అదీ పాస్‌కోడ్ అడుగుతుంది. “వేలు బాగానే పడుతుండె, ఇప్పుడు నంబరు అడుగుతోంది, పాడైందేమో” అని ఫోన్ పట్టుకుని వచ్చేవాళ్లకు జరిగింది ఇదే. ఫోన్‌లో ఏ దోషమూ లేదు.

ఆరు అంకెల పిన్ పెట్టండి. 123456, పుట్టిన సంవత్సరం, బండి నంబరు, పెళ్లి తేదీ వద్దు. ఏటీఎం పిన్, యూపీఐ పిన్ అసలే వద్దు. ప్యాటర్న్ కంటే పిన్ మేలంటాను. మనవాళ్లలో ఎక్కువమంది గీసేది ఎల్ లేదా జెడ్ ఆకారమే. పైగా చెమట చేతులతో గీస్తే ఆ జాడ అద్దం మీదే ఉండిపోతుంది. వెలుతురుకు అడ్డంగా పట్టి చూస్తే పక్కవాళ్లకూ కనిపిస్తుంది.

పిన్‌ను కాగితం మీద రాసి ఇంట్లో బీరువాలో పెట్టండి. ఫోన్ వెనక కవర్‌లో పెట్టొద్దు. ఆధార్ జిరాక్స్, ఏటీఎం కార్డు, పిన్ రాసిన చీటీ మూడూ ఒకే కవర్‌లో పెట్టుకు తిరిగేవాళ్లను చూశాను. అలాంటి ఫోన్ పోతే లాక్ ఉన్నా లేనట్టే. అలాగని పిన్ మరిచిపోతే ఫార్మాట్ కొట్టక తప్పదు, అందులో ఉన్నవన్నీ పోతాయి. ఏమీ పోకుండా తెరిచిస్తామని డబ్బులడిగేవాళ్లను నమ్మకండి.

2. ముద్ర తీసుకునే చోటు ఎక్కడుందో చూడండి

పక్కనున్న పవర్ బటన్ మీద ఉండొచ్చు, వెనక ఉండొచ్చు, స్క్రీన్ అద్దం కింద ఉండొచ్చు. పక్క బటనైతే దాని గాడిలో రాతిపొడి, సిమెంటు, పిండి చేరుతుంటాయి. గుడ్డ కొసతో తుడవండి. సూదితో గీకొద్దు, శానిటైజర్ పోయొద్దు.

అద్దం కింద ఉండేవి రెండు రకాలు. ఒకటి వేలి కింద వెలుగు వేసి ముద్రను ఫోటోలా తీస్తుంది. ఇంకొకటి మనకు వినపడని శబ్దతరంగాలతో చదువుతుంది. వేలు పెట్టినప్పుడు స్క్రీన్ మీద ఆ చోట తెల్లగానో పచ్చగానో గట్టి వెలుగు వస్తే మొదటి రకం. ఈ తేడా గార్డ్ దగ్గర అక్కరకొస్తుంది. మందపాటి టెంపర్డ్ గ్లాస్ గానీ, గాలి బుడగలతో అంటుకున్న గ్లాస్ గానీ రెండింటికీ అడ్డే. శబ్దతరంగాల రకానికి మరీ ఎక్కువ. మీ మోడల్ పేరు చెప్పి, దానికి వేలిముద్ర పడే గార్డే కావాలని అడిగి వేయించుకోండి.

చవక జెల్ కవర్లతో ఇంకో ప్రమాదం ఉంది. 2019లో శామ్‌సంగ్ గెలాక్సీ ఎస్10 ఫోన్లకు కొన్ని సిలికాన్ కవర్లు తొడిగితే ఎవరి వేలు పెట్టినా తెరుచుకున్నాయి. కవర్ మీది గీతలనే ఫోన్ ముద్ర అనుకోవడం వల్ల అలా జరిగింది. కంపెనీ తర్వాత అప్‌డేట్ ఇచ్చి సరిచేసింది. అద్దం మీద ఏ కొత్త పొర వేసినా కింద చెప్పే ఇంట్లోవాళ్ల వేలి పరీక్ష చేయాలని నేను పట్టుబట్టేది ఇందుకే.

3. ఏ వేళ్లు ఎక్కించాలి

మన ప్రాంతపు పనులకు అన్నిటికంటే ముఖ్యమైన మెట్టు ఇది. అందరూ కుడి బొటనవేలు పెడతారు. పనిలో ముందు అరిగేదీ అదే.

చెనక్కాయలు ఒలిచే ఒక అక్క చేతిని పగటి వెలుతురులో తిప్పి చూశాను. బొటనవేలి కొస గోటి పక్కన నున్నగా అరిగిపోయి ఉంది. మధ్యలో సన్నటి పగులు, అందులో మట్టి నల్లగా దిగి ఉంది. అదే చేతి ఉంగరపు వేలి మీద గీతలు ముగ్గు వేసినట్టు తేటగా ఉన్నాయి. “అక్కా, ఈ వేలు పెట్టు” అన్నాను. “ఈ వేలితో ఎవురు పెడతారబ్బా” అని ఆమె నవ్వింది. కానీ ఆ వేలే పడింది.

మీరూ అట్లే చేయండి. కిటికీ దగ్గరికి వెళ్లి పది వేళ్లూ చూసుకోండి. గీతలు తేటగా, పగుళ్లు లేకుండా ఉన్నవి ఎంచుకోండి. కుడిచేతి వాటం ఉన్నవాళ్లకు సాధారణంగా ఎడమ ఉంగరపు వేలు, ఎడమ మధ్యవేలు బాగుంటాయి. అయితే ఫోన్ పట్టుకున్నప్పుడు ఆ వేలు బటన్‌కు అందాలి గదా. అందుకని:

- పక్క బటనైతే: ఎడమ చేత్తో పట్టుకుంటే ఎడమ చూపుడు వేలు లేదా మధ్యవేలు, కుడి చేత్తో పట్టుకుంటే కుడి బొటనవేలు.
- వెనక ఉంటే: రెండు చేతుల చూపుడు వేళ్లు.
- అద్దం కింద ఉంటే: ఏ వేలైనా సరే, తేటగా ఉన్నదే పెట్టండి.

రెండు చేతుల నుంచీ ఒక్కో వేలు తప్పకుండా ఉండాలి. ఒక వేలు తెగి కట్టు కట్టుకున్న రోజు రెండోది ఆదుకుంటుంది.

4. చేతులు సిద్ధం చేసుకోండి

సబ్బుతో కడిగి పూర్తిగా ఆరనివ్వండి. తడి పాలిష్ పనిలోంచి, బట్టలు ఉతికి అప్పుడే లేస్తే వేళ్లు ముడతలు పడి ఉంటాయి. గంటసేపు ఆగండి. సిమెంటు పనిచేసేవాళ్ల చర్మం ఎండి బిరుసుగా ఉంటుంది కాబట్టి కొంచెం కొబ్బరినూనె రాసి, పది నిమిషాలాగి, గుడ్డతో బాగా తుడిచేయండి. మెత్తదనం మిగలాలి, జిడ్డు మిగలకూడదు. గోరింటాకు వేలి కొసల నిండా ఎర్రగా పండి ఉంటే వెలుగుతో చదివే ఫోన్లు కొన్ని తడబడతాయి. కాస్త వెలిసేదాకా ఆగడం మంచిది.

పనికి నాలుగైదు రోజులు సెలవు దొరికితే అరిగిన గీతలు మళ్లీ కొంత తేలుతాయి. పండగ సెలవుల చివర్లో ఎక్కించుకుంటే ముద్ర తేటగా పడుతుంది.

5. ముద్ర ఎక్కించండి

సెట్టింగ్స్ తెరవండి. ఒక్కో కంపెనీ దీనికి ఒక్కో పేరు పెట్టింది. ఒకచోట సెక్యూరిటీ అండ్ ప్రైవసీ, మరోచోట పాస్‌వర్డ్ అండ్ సెక్యూరిటీ అని ఉంటుంది. వెతుక్కోవడం ఎందుకు, సెట్టింగ్స్ పైనున్న వెతుకు గడిలో ఫింగర్ అని కొడితే నేరుగా చూపిస్తుంది. పాత ఐఫోన్లలో టచ్ ఐడీ అండ్ పాస్‌కోడ్ అని ఉంటుంది. కొత్త ఐఫోన్లకు ముఖంతో తెరిచే ఏర్పాటే గానీ వేలిముద్ర ఉండదు.

పిన్ కొట్టాక వేలు పెట్టి తీయమని చాలాసార్లు అడుగుతుంది. ఇక్కడ పాటించాల్సినవి:

ఫోన్‌ను బల్ల మీద పెట్టి వేలు ఒత్తకండి. రోజూ పట్టుకున్నట్టే చేత్తో పట్టుకోండి. తెరిచేటప్పుడు వేలు ఏ వాలులో పడుతుందో ఎక్కించేటప్పుడూ అదే వాలులో పడాలి.

మొదటి సగంలో వేలి మధ్యభాగం పెట్టండి. అంచులు చూపించమని అడిగినప్పుడు కుడి పక్క, ఎడమ పక్క, కొస ఒక్కొక్కటిగా చూపించండి. అరిగిన వేళ్లకు ఈ అంచులే ప్రాణం. నడుమ గీతలు పోయినా పక్కల మిగిలే ఉంటాయి.

బలంగా నొక్కొద్దు. నొక్కితే గీతలు చదునై కలిసిపోతాయి. తాకీ తాకనట్టు పెట్టినా చాలదు. వేలి మెత్తటి భాగం మొత్తం ఆనాలి, గోటి కింద రంగు మారేంత ఒత్తిడి మాత్రం వద్దు. గుర్తించేదాకా కదపకుండా ఉంచి అప్పుడు తీయండి.

ఒక వేలు అయిపోయాక ఫోన్ పేరు అడిగితే ‘ఎడమ ఉంగరం’, ‘కుడి బొటన’ అని రాయండి. ఒకటి, రెండు అని వదిలేస్తే తర్వాత ఏది తీసేయాలో తెలియదు.

ఇక అరిగిన చేతులకు నేను తప్పక చేయించే పని ఒకటుంది. ఒకే వేలిని రెండుసార్లు, రెండు వేర్వేరు ముద్రలుగా ఎక్కించండి. ఒకసారి స్నానం చేసి ఆరిన వేలితో, ఇంకొకసారి సాయంత్రం పని నుంచి వచ్చి దుమ్ము దులుపుకున్న వేలితో. పనిరోజు సాయంత్రం మొరాయించే ఫోన్లు చాలావరకు దీంతో దారికొస్తాయి. చాలా ఫోన్లలో ఐదు ముద్రల దాకా చోటుంది, కొన్నింట్లో మూడో నాలుగో. కొన్ని ఫోన్లు అదే వేలు ఇప్పటికే ఉందని ఒప్పుకోవు. అప్పుడు ఇంకో వేలు ఎక్కించుకోండి.

6. ఇంట్లోవాళ్ల వేళ్లు ఎక్కించే ముందు ఆలోచించండి

“మా ఆవిడ వేలు, పిల్లోడి వేలు కూడా పెట్టన్నా” అంటారు. పెట్టొచ్చు, కానీ ఒక సంగతి తెలుసుకుని పెట్టండి. ఎవరి వేలు ఏదో ఫోన్ తేడా చూడదు. ఎక్కించిన ప్రతి వేలూ ఫోన్‌తో పాటు, వేలిముద్రతో తెరిచేలా పెట్టుకున్న ఫోన్‌పే, బ్యాంకు యాప్, వాట్సాప్ అన్నిటినీ తెరుస్తుంది. చిన్న మొత్తాలకు యూపీఐ పిన్ బదులు వేలిముద్రే చాలనే సౌకర్యం కూడా కొన్ని యాప్‌లలో వచ్చింది. అది ఆన్ చేసిన ఫోన్‌లో పిల్లల వేలు ఉంటే వాళ్ల వేలితో డబ్బు పోతుంది.

పిల్లలకు ఫోన్ ఇవ్వాల్సి వస్తే మీరే తెరిచి ఇవ్వండి. లేకపోతే గెస్ట్ యూజర్, అంటే మీ యాప్‌లు, ఫోటోలు కనపడని వేరే ఖాతా పెట్టండి, ఆ సదుపాయం చాలా ఆండ్రాయిడ్ ఫోన్లలో ఉంది. ఆపద సమయానికి భార్యాభర్తల్లో ఒకరి పిన్ ఇంకొకరికి తెలిసి ఉంటే సరిపోతుంది.

7. లాక్ పెట్టినా తెరిచి ఉండే సందులు మూయండి

వేలిముద్ర బాగా పడగానే పని అయిపోయిందనుకుంటారు. దొంగ మాత్రం ఈ సందుల్లోంచి వస్తాడు.

మొదటిది, లాక్ స్క్రీన్ మీద కనిపించే మెసేజ్‌లు. ఫోన్ తెరవకుండానే ఓటీపీ చదివేయొచ్చు. నోటిఫికేషన్స్ సెట్టింగ్‌లో లాక్ స్క్రీన్ మీద లోపలి విషయం దాచమని పెట్టండి.

రెండోది, ఎప్పుడు లాక్ పడాలి అన్నది. పవర్ బటన్ నొక్కగానే, స్క్రీన్ ఆరిపోగానే వెంటనే పడేలా పెట్టండి. కొన్ని ఫోన్లలో ఇది ఐదు, పది నిమిషాలకు పెట్టి ఉంటుంది.

మూడోది, ముఖంతో తెరవడం. చాలా చవక ఫోన్లలో ఇది ముందు కెమెరా తీసే మామూలు ఫోటోతోనే నడుస్తుంది. మీ ఫోటో చూపించినా తెరుచుకునే అవకాశం ఉంది. వేలిముద్ర ఉండగా దాని అవసరమే లేదు, తీసేయండి. జేబులో ఉన్నంతసేపు, ఇంట్లో ఉన్నంతసేపు లాక్ పడకుండా ఉంచే స్మార్ట్ లాక్ కూడా ఆపేయండి. కొత్త ఫోన్లలో దాని పేరు ఎక్స్‌టెండ్ అన్‌లాక్.

నాలుగోది, సిమ్. దొంగ సిమ్ తీసి వేరే ఫోన్‌లో వేస్తే మీ ఓటీపీలన్నీ అతనికే వస్తాయి. సెట్టింగ్స్‌లో సిమ్ లాక్ అని ఉంటుంది. దాన్ని ఆన్ చేసేటప్పుడు సిమ్‌తో వచ్చిన మొదటి పిన్ అడుగుతుంది. ఊహించి కొట్టొద్దు. మీ నెట్‌వర్క్ కస్టమర్ కేర్‌ను అడిగి కొట్టండి. మూడుసార్లు తప్పితే సిమ్ ఆగిపోయి, నెట్‌వర్క్ కంపెనీ దగ్గరుండే పీయూకే అనే కోడ్ అడుగుతుంది.

వాట్సాప్‌కు వేరే లాక్ కావాలంటే దాని సెట్టింగ్స్‌లో ప్రైవసీలోకి వెళ్లి, యాప్ లాక్ ఆన్ చేయండి. సమయం వెంటనే అని ఎంచుకోండి. వాట్సాప్‌కు లాక్ ఉన్నా కాల్స్ మాత్రం ఎత్తొచ్చు.

తరచూ జరిగే పొరపాట్లు, వాటికి మందు

గార్డ్ మార్చిన రోజు నుంచి పడటం లేదంటే పాత ముద్రలు తీసి, ఆ గార్డ్ మీదే మళ్లీ ఎక్కించండి. టచ్ సెన్సిటివిటీ అనే సెట్టింగ్ ఉంటే ముందు దాన్ని ఆన్ చేయండి.

డిస్‌ప్లే పగిలి కాంబో (తెర, టచ్ కలిసి వచ్చే భాగం) మార్పించాక వేలిముద్ర అసలు పని చేయడం లేదా? అద్దం కింద ముద్ర తీసుకునే ఫోన్లకు ఓఎల్ఈడీ తెర ఉంటుంది. దానికి బదులు చవకగా వస్తుందని ఎల్‌సీడీ వేస్తే వెలుగు అటూ ఇటూ దాటదు, ముద్ర పడదు. ఎన్నిసార్లు ఎక్కించినా లాభం లేదు. మార్పించే ముందే “వేలిముద్ర పనిచేస్తుందా, ఏ తెర వేస్తున్నారు” అని అడిగి, బిల్లు మీద రాయించుకోండి. పాత ఐఫోన్ హోమ్ బటన్ మార్చినా టచ్ ఐడీ పోతుంది, ఆ బటన్ ఆ ఫోన్‌తోనే ముడిపడి ఉంటుంది.

కొత్త వేలు ఎక్కించగానే బ్యాంకు యాప్ మళ్లీ ఎంపిన్ (ఆ యాప్ తెరవడానికి పెట్టుకున్న పిన్) అడిగితే కంగారు పడకండి. కొత్త వేలు మీదేనో కాదో తేల్చుకోవడానికి అది చేసే జాగ్రత్త అది. ఎంపిన్ కొట్టి వేలిముద్రను మళ్లీ ఆన్ చేసుకోవాలి.

మరో ప్రశ్న పెద్దవాళ్లు ఎక్కువగా అడుగుతారు: “ఈ ముద్ర ఆధార్‌కు పోతుందా, ఎవురన్నా తీసుకుంటారా?” పోదు. ఫోన్ మీ వేలి ఫోటో దాచుకోదు. గీతల లెక్కను ఒక గుర్తుగా మార్చి, చిప్‌లో యాప్‌లకు అందని వేరే అరలో పెట్టుకుంటుంది. యాప్‌కు తెలిసేది సరిపోయిందా లేదా అన్నది మాత్రమే. ఆధార్ ముద్రతో డబ్బు తీయడం వేరే విషయం. ఆ భయం ఉంటే ఆధార్ అధికారిక యాప్‌లో గానీ, ఆధార్ ఇచ్చే సంస్థ ఉడాయ్ వెబ్‌సైట్‌లో గానీ బయోమెట్రిక్ లాక్ పెట్టుకోండి. రేషన్‌కో పింఛనుకో వేలు వేయాల్సిన రోజు తాత్కాలికంగా తెరుచుకోవచ్చు.

పని కుదిరిందో లేదో ఇలా చూడండి

ఎక్కించిన ప్రతి వేలితో పదిసార్లు తెరవండి. ఎనిమిదిసార్లయినా మొదటి తాకుడుకే తెరుచుకోవాలి. అంతకు తగ్గితే ఆ వేలు తీసేసి మళ్లీ ఎక్కించండి. కొన్ని ఫోన్లలో ముద్రల జాబితా తెరిచి వేలు పెడితే ఏ పేరుతో గుర్తించిందో వెలిగి చూపిస్తుంది.

తర్వాత ఇంట్లోవాళ్ల చేత, ఎక్కించని వేళ్లన్నీ పెట్టించండి. ఒక్కటి తెరుచుకున్నా గార్డ్ తీసేసి మళ్లీ మొదలుపెట్టాలి. తప్పు వేలు వరసగా ఐదుసార్లు పెడితే చాలా ఫోన్లు అర నిమిషం ఆపేస్తాయి, లేదా పిన్ అడుగుతాయి. అలా ఆపితే లాక్ సరిగ్గా ఉన్నట్టే.

ఫోన్ రీస్టార్ట్ చేయండి, పిన్ అడగాలి. వేరే ఫోన్ నుంచి మెసేజ్ పంపించుకోండి, లాక్ స్క్రీన్ మీద లోపలి మాట కనపడకూడదు. మరుసటి రోజు పని నుంచి రాగానే, చేతులు కడగకముందే ఒకసారి తెరిచి చూడండి. అరిగిన చేతులకు అసలు పరీక్ష అదే.

నిద్రలో మీ వేలు ఎవరైనా పెట్టేస్తారనే అనుమానముంటే ఆండ్రాయిడ్ 9 నుంచి లాక్‌డౌన్ అనే ఏర్పాటుంది. కొన్ని ఫోన్లలో దాన్ని ముందు సెట్టింగ్స్‌లో ఆన్ చేయాలి. పవర్ మెనూలో దాన్ని నొక్కితే, ఆ తర్వాత ఒకసారి పిన్ కొట్టేదాకా వేలు పనిచేయదు. మీ ఫోన్‌లో కనపడకపోతే రీస్టార్ట్ చేసి పడుకున్నా అదే ఫలితం.

ఫోన్ పోయిన రోజు కోసం

పిన్ రాసిన కాగితం మీదే ఐఎంఈఐ నంబరు, అంటే ఫోన్‌ను గుర్తుపట్టే దాని సొంత నంబరు కూడా రాయండి. డయల్ చేసే చోట *#06# కొడితే వస్తుంది. ఫోన్ పోతే వేరే ఫోన్ నుంచి గూగుల్ ఫైండ్ హబ్‌లోకి వెళ్లి లాక్ చేయండి. సిమ్ ఆపించి, పోలీసు ఫిర్యాదు ఇచ్చి, కేంద్ర ప్రభుత్వ సంచార్ సాథీ వెబ్‌సైట్‌లో ఆ ఐఎంఈఐని బ్లాక్ చేయించండి. ఖాతాలోంచి డబ్బు పోయినట్టు తెలిస్తే ఆ క్షణమే సైబర్ మోసాల ఫిర్యాదు నంబరు 1930కి ఫోన్ చేయండి.

రిపేరుకిచ్చేటప్పుడు సిమ్, మెమొరీ కార్డు తీసుకోండి. డిస్‌ప్లే, ఛార్జింగ్ పిన్ లాంటి పనులకు మీ ఎదుటే మీరే తెరిచి చూపిస్తే సరిపోతుంది, పిన్ చెప్పాల్సిన పని లేదు. చెప్పక తప్పకపోతే ఇచ్చే ముందు తాత్కాలికంగా వేరే పిన్ పెట్టండి. ఫోన్ తిరిగి చేతికి రాగానే ఫింగర్‌ప్రింట్ జాబితా తెరిచి ఎన్ని ముద్రలున్నాయో చూసుకోండి. మీరు ఎక్కించనిది ఒక్కటి కనిపించినా దాన్ని తీసేసి, అంగడి మెట్లు దిగకముందే పిన్ మార్చండి.